సీసాలో లేనిది

"నూనె మేస్టారిని పట్టుకెళ్లారంట," అంది వదిన ఫోనులో. పలకరింపు లేదు, ఎక్కడున్నావని అడగడం లేదు. "పొద్దుట్నించి మా తల్లుల గ్రూపులో అదే గోల. పిచ్చుకకి నిన్నటితో సీసా అడుగంటిపోయింది. ఇప్పుడేం చెయ్యను?"

ఫోనెత్తిన ఆడపడుచు అప్పుడే తను పనిచేసే ప్రయోగశాల మెట్లెక్కుతోంది. మలుపులో ఆగి, గొంతు తగ్గించింది.

"వదినా, ఆ నూనె సంగతులు నాకు చెప్పొద్దని ఎన్నిసార్లన్నాను? నా ఉద్యోగమేంటో తెలుసు కదా నీకు."

"నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను? మీ అన్నయ్యకి చేస్తే ఫోను కలవట్లేదు. లారీ ఏ కొండెక్కిందో ఏమో."

"డాక్టరు రాసిన మాత్రలు వేస్తున్నావు కదా?"

అవతలివైపు కాస్త నిశ్శబ్దం. "వేస్తున్నాలే," అని పెట్టేసింది వదిన.

పిచ్చుక అంటే అన్నయ్య కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఆ ముద్దుపేరు ఆమే పెట్టింది. ఇప్పుడు బడికి వెళ్లే వయసు, కానీ బడికి వెళ్లదు. మూర్ఛలు వచ్చి పడిపోతుంటుంది. నరాల డాక్టరమ్మ మందులు మార్చి మార్చి చూసింది. గంజాయి మొక్క నుంచి తీసి, మత్తు కలిగించే భాగాన్ని దాదాపుగా తొలగించిన నూనె ఒకటి ఆస్పత్రి మందుల గదిలోనే ఉంది, చట్టబద్ధంగానే. దానికి అనుమతి బోర్డు ఒప్పుకోవాలి. ఇంకో రెండు మందులు విఫలమయ్యాకే దరఖాస్తు చేసుకోమని బోర్డు తిప్పి పంపింది. ఆ రోజు వదిన బోర్డువాళ్లని అడిగింది: "మందు విఫలమైందని తెలియాలంటే పిల్ల ఇంకెన్నిసార్లు పడాలండీ?" ఆ తర్వాతే వదిన నూనె మేస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

నమూనాలు తీసుకునే కిటికీ దగ్గర మాదకద్రవ్యాల నియంత్రణ శాఖ అధికారి అట్టపెట్టె మీద మోచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. లక్క ముద్రలు ఇంకా కొత్త వాసన వేస్తున్నాయి.

"తొందరగా తేల్చాలి మేడమ్. ఎల్లుండి వాణ్ని కోర్టులో పెట్టాలి. ఒకప్పుడు బళ్లో పాఠాలు చెప్పినాయనట. గంజాయి నూనె చేసి మూర్ఛ పిల్లలకి అమ్ముతున్నాడు."

"సరే, చూస్తాను."

"గంజాయని తేలితే పిల్లలకి పోసిన తల్లుల మీద కూడా కేసు కట్టమంటున్నారు పైవాళ్లు. దగ్గర ఉంచుకోవడం నేరమే కదా. నిన్న రాత్రి కొందరిని పిలిపించాం. ఒకావిడ పిల్లాణ్ని చంకనేసుకునే వచ్చింది. కుర్చీలో కూర్చోబెడితే వాడు పక్కకి ఒరిగిపోతున్నాడు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన అరచెయ్యి, ఒరిగిపోయే తలని పట్టుకుంటున్నట్టు గాల్లో కాస్త వంగింది. అది గమనించుకుని చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. "ఏం చేస్తాం. మన పని మనది."

కేసుతో సంబంధం ఉన్నవాళ్లు తన బంధువులైతే పరీక్ష చేసే అనలిస్టు ఆ నమూనాని ముట్టుకోకూడదు. నోరు విప్పి చెబితే చాలు, పెట్టె ఇంకో ఊరి ప్రయోగశాలకి వెళ్తుంది. అక్కడ వరసలో దాని వంతు వచ్చేసరికి వారాలు పడుతుంది. చెప్పాలనే అనుకుంది. కానీ కిటికీ అంచున వేలాడుతున్న పెన్ను చేతిలోకి వచ్చేసింది, సంతకం పడిపోయింది. అధికారి దండం పెట్టి వెళ్లిపోయాడు.

గదిలోకి వచ్చి తలుపు వేసుకుని, చేతి తొడుగులు వేసుకుంది. ముద్రలు చెక్కుచెదరలేదని రాసుకుని, పెట్టె విప్పింది. ముదురు గోధుమ రంగు సీసాలు, రబ్బరు తలతో చుక్కలు వేసే మూతలు. ఇంట్లో కత్తిరించి అంటించిన కాగితాల మీద ఆకుపచ్చని ఆకు బొమ్మ, కింద 'బాగా కుదిపి వాడాలి' అని. ఇలాంటి సీసానే వదిన వంటింట్లో పప్పు డబ్బాల వెనక దాచి ఉంచుతుంది. మూత తిప్పితే ఘాటైన మూలికల వాసన. లైటు ముందు పెట్టి చూస్తే అడుగున తెల్లగా, సన్నని మడ్డి కనబడింది. మొక్కలోని మైనం దిగి ఉంటుందిలే అనుకుంది.

తెల్ల పూత పూసిన గాజు పలక మీద పెన్సిలుతో గీత గీసి, సన్నని గాజు గొట్టంతో వరసగా చుక్కలు పెట్టింది. మొదటి రెండూ నిక్కచ్చిగా తెలిసిన పదార్థాలు: మత్తు కలిగించేది ఒకటి, మూర్ఛలకి మందుగా వాడేది ఒకటి. వాటి పక్కన మేస్టారి నూనెలు. పలకని ద్రావకం పోసిన గాజు తొట్టిలో నిలబెట్టి మూత వేసింది. తడి మెల్లగా పైకి పాకుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఎన్నేళ్లుగానో చూస్తున్నదే అయినా, ఆవేళ తొట్టి మీంచి కళ్లు తిప్పలేదు. గంజాయి తేలితే వదిన నేరస్థురాలు. తేలితేనే వదిన చేసింది మందు ఇవ్వడం అవుతుంది. తను ఏది కోరుకుంటోందో తనకే అంతుపట్టలేదు.

పలక ఆరబెట్టి రంగు మందు చిమ్మింది. మొదటి చుక్క ఎర్రగా, రెండోది నారింజ రంగులో విచ్చుకుంది. మేస్టారి వరసలన్నీ ఏ రంగూ తేలకుండా తెల్లగానే ఉండిపోయాయి.

మందు సరిగ్గా పడలేదేమోనని ఇంకో పలక చేసింది. అదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది, వదిన ఓసారి మురిసిపోతూ చెప్పిన మాట. "సీసా అడుగుకొచ్చేసరికి ఇంకా బాగా పనిచేస్తుంది అమ్మాయ్. పిల్ల పొద్దెక్కేదాకా కదలకుండా నిద్రపోతుంది."

ఆమె ఒక సీసాని కుదపకుండా వంచి, పై నూనె తీసేసింది. అడుగున మిగిలిన తెల్ల మడ్డిని ద్రావకంలో కరిగించి పెద్ద మెషీనుకి ఎక్కించింది. కాసేపటికి తెర మీద గీత లేచింది, ఒకే ఒక్క కొండలా. మెషీను దాన్ని ముక్కలు చేసి, బరువులు కట్టి, తన దగ్గరున్న వేల పదార్థాల గుర్తుల్లో వెతికి పేరు చెప్పింది. క్లోనజెపామ్. ఆమె బీరువాలోంచి అసలు క్లోనజెపామ్ తీసి పక్కన నడిపించింది. రెండు కొండలూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. పై నూనెని కూడా నడిపించి, ఎక్కడ ఎంత మందు ఉందో లెక్క కట్టింది.

ఏ మందుల షాపులోనైనా డాక్టరు చీటీతో దొరికే మాత్ర అది. నూరి, వంటనూనెలో కలిపి, మూలికల సెంటు పోసి, ఆకు బొమ్మ అంటించాడు మేస్టారు. అది విషం కాదు. మూర్ఛలకి డాక్టర్లు రాసే మందే. అందుకే పిల్లకి తగ్గింది. కానీ నెలల తరబడి ఒంటికి అలవాటైన ఆ మందుని ఒక్కసారిగా ఆపితే, ఆగిన మూర్ఛలు విరుచుకుపడతాయి. కొన్నిసార్లు ఆగకుండా వస్తాయి.

నిన్నటితో సీసా అడుగంటిపోయింది.

ఆమె తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసి, పెద్దసారు గదికి నడిచింది.

పెద్దసారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని కాగితాలు చూశాడు. ఈ ప్రయోగశాలకి ఆయనే పెద్ద. ఉద్యోగంలో చేరినప్పట్నించి ఆమెకి పని నేర్పింది కూడా ఆయనే.

"బాగుంది. గంజాయి పదార్థాలు లేవని రాసి పంపించెయ్యి."

"మిగతాది సార్?"

"మనల్ని అడిగిందేంటమ్మా? గంజాయి ఉందా, ఉంటే ఎంత. లేదు. అయిపోయింది. ఇంకేముందో కావాలంటే వాళ్లు మళ్లీ రాస్తారు, మనం మళ్లీ చూస్తాం."

"ఈలోగా పిల్లలు సార్. సరుకంతా పట్టుకొచ్చేశారు. ఎవరింట్లోనూ చుక్క మిగలదు. అందరికీ ఒక్కసారిగా ఆగిపోతుంది."

"నియంత్రణ శాఖకి ఫోన్ చేసి చెబుతాను. వాళ్లు చూసుకుంటారు." రిసీవరు ఎత్తి, ఎవరితోనో మాట్లాడి, పెట్టేశాడు. "సాయంత్రం మీటింగులో పెడతారట."

"మీటింగులోనా?"

"మన దగ్గర ఉండేవి నమూనాలమ్మా, కుటుంబాలు కాదు. కోర్టుకి చేరకముందే ఫలితం బయటికి పొక్కితే రేపు వాళ్ల లాయరు మొత్తం పరీక్షనే కొట్టేయిస్తాడు. ఆ మేస్టారు చేతులు దులుపుకుని పోతాడు."

ఆమె కుర్చీ వెనకభాగం పట్టుకుని నిలబడింది. "సార్, ఆ పిల్లల్లో ఒకతి మా అన్నయ్య కూతురు."

పెద్దసారు కళ్లజోడు నుదుటి మీద నుంచి దించుకున్నాడు. ఆమె కేసి కాదు, కాగితాల చివర ఉన్న ఆమె సంతకం కేసి చూశాడు.

"ఈ మాట పెట్టె తీసుకోకముందే చెప్పాల్సింది."

"అవును సార్."

"ఇప్పుడు నీ పరీక్ష చెల్లదు. మళ్లీ మొదట్నించి ఇంకెవరో చెయ్యాలి." ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకి తేలికగా ఉండేది. "గది తాళాలు ఇచ్చి ఇంటికెళ్లు. ఇందులో ఏముందో ఒక్క మాట, ఎవరితోనైనా సరే, బయటపెట్టావంటే నేను కూడా నిన్ను కాపాడలేను. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అంది ఆమె. తాళాలు బల్ల మీద పెట్టింది. బస్సు కోసం ఆగకుండా కారు పిలిపించుకుంది.

వదిన తలుపు సగమే తీసింది. వచ్చింది ఆడపడుచని చూశాక గొలుసు తప్పించింది.

"మీ ఆఫీసువాళ్లేమో అనుకున్నా."

లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పిచ్చుక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, దుప్పటి అంచుని వేళ్లతో పీకుతోంది. పీకి వదిలి, మళ్లీ పీకుతోంది. మేనత్తని చూస్తే ఎప్పుడూ చెవి దుద్దులు పట్టుకుని లాగే పిల్ల, ఆవేళ తల కూడా తిప్పలేదు. ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం లేదు, చెమట మాత్రం కారుతోంది. కుడి చేతి బొటనవేలు దానంతటదే చిన్నగా అదురుతోంది.

"ఎప్పట్నించిలా ఉంది?"

"పొద్దుట్నించి చిరాకు పడుతోంది. నిద్రలేక."

"వదినా, కూర్చో. నేను చెప్పేది విను. ఆ నూనెలో గంజాయి లేదు."

వదిన కూర్చోలేదు. "అంటే?"

"ఒక్క చుక్క కూడా లేదు. క్లోనజెపామని మాత్ర ఉంటుంది. దాన్ని నూరి నూనెలో కలిపాడు. అదొక్కసారిగా ఆపకూడదు. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి."

"నిన్ను పంపించారా వాళ్లు?"

"ఎవరు?"

"మీవాళ్లు. భయపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ నోరు జారుతానని. నిన్న వాళ్లు పిలిపించిన తల్లిని ఏమడిగారో తెలుసా? పిల్లాణ్ని పెంచే అర్హత నీకుందా అని. ఆస్పత్రిలో నూనె పేరెత్తితే డాక్టర్లు పైకి రాయాలట. గ్రూపులో అందరూ అదే చెప్పుకుంటున్నారు."

"నన్నెవరూ పంపలేదు. తాళాలు కూడా తీసేసుకున్నారు."

వదిన ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత వంటింటి గుమ్మం పట్టుకుని, చాలా నెమ్మదిగా అడిగింది. "మరి పిల్ల నవ్వింది కదా అమ్మాయ్. మూడేళ్ల తర్వాత అమ్మా అని పిలిచింది కదా. అదంతా?"

"అదంతా నిజమే. మూర్ఛలు తగ్గితే పిల్లలు అలాగే తేరుకుంటారు. నవ్వింది నిజమే. నువ్వు కొన్న సీసానే అబద్ధం."

"నేను వెర్రిదాన్నయ్యాను," అంది వదిన. ఏడవలేదు. "నూనె ఇంత బాగా పనిచేస్తోంది, ఇంక ఆ మాత్రలెందుకని సగానికి సగం తగ్గించేశాను. నిన్ను అడిగితే తిడతావని చెప్పలేదు."

ఆమెకి పొద్దుటి ఫోనులో ఆ కాస్త నిశ్శబ్దం ఎందుకో అర్థమైంది. అటు నూనె ఆగింది, ఇటు మాత్రలు సగం.

"సంచీ సర్దు," అంది. "మాట్లాడకు, సర్దు."

సంచీలో రెండు జతలు పడ్డాయో లేదో, మంచం కిర్రుమంది. పిచ్చుక ఒళ్లు బిగుసుకుంది. కళ్లు పైకి తేలాయి. వదిన ఒక్క గంతులో వెళ్లి పిల్లని పక్కకి తిప్పింది. మెడ కింద చెయ్యి పెట్టి, మూతి దగ్గర నురగ తుడిచింది. ఎన్నోసార్లు చేసిన చేతులు, ఎక్కడా తడబడలేదు. "అయిపోతుంది నాన్నా, అయిపోతుంది," అంటోంది. గోడ గడియారం కేసి చూస్తోంది. మామూలుగా ఆగే వేళ దాటిపోయింది. ఒక్క క్షణం వదులై, మళ్లీ బిగుసుకుంది.

"ఇది ఎప్పటిలా లేదు," అంది వదిన.

పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని మెట్లు దిగారు. వీధి చివర బేరం కోసం నిలబడ్డ కారువాడు దుప్పట్లో అదిరే కాళ్లు చూసి, ఎక్కడికని కూడా అడగలేదు.

అత్యవసర విభాగంలో పిల్లని మంచం మీద పడుకోబెట్టి ముక్కుకి గొట్టం పెడుతూనే, "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగింది నరాల డాక్టరమ్మ. వదిన మాత్రల పేర్లు చెప్పింది. "ఇంకేమైనా?" వదిన తెర వైపు చూసింది. తెర పక్కన నర్సు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"క్లోనజెపామ్," అంది ఆమె, వదిన వెనక నుంచి. "నూనెలో కలిపి, కొన్ని నెలలుగా. నిన్నటితో ఆగిపోయింది. మిగతా మాత్రలు సగమే వేస్తున్నారు." ఒక్కో చుక్కకి ఎంత మందు ఉంటుందో, సీసా పైభాగంలో ఎంత పలచనో, అడుగున ఎంత చిక్కనో, కాగితం లేకుండా చెప్పింది.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "మీకెలా తెలుసు?"

"పరీక్ష చేసింది నేనే."

డాక్టరమ్మ నర్సుకి మందు పేరు చెప్పింది. ఇంజెక్షన్ ఎక్కింది. పిల్ల వేళ్లు ముందు వదులయ్యాయి, తర్వాత దవడ, ఆఖర్న ఎప్పట్నించో బిగుసుకున్న పాదాలు. మెషీను మీద అంకెలు దిగుతుంటే వదిన మంచం ఇనుప కడ్డీకి తల ఆనించి అలాగే నేల మీద కూలబడింది.

"ఇంజెక్షన్ ఎలాగూ ఇచ్చేదాన్నే," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "కానీ ఎందుకొచ్చిందో తెలియకపోతే రేపు మళ్లీ వచ్చేది, ఎల్లుండి మళ్లీ వచ్చేది. ఇప్పుడు అదే మందు మొదలుపెట్టి, మెల్లగా దించుతాం." తువ్వాలు అందుకుని అంది, "బోర్డుకి మళ్లీ రాస్తాను. అసలు గంజాయి మందు ఈ పాపకి పనిచేస్తుందో లేదో నేను చెప్పలేను. కొందరికి చేస్తుంది, కొందరికి చెయ్యదు. ఇంతవరకు పాపకి అది అందనే లేదు కదా."

నేల మీద కూర్చున్న వదిన తలెత్తింది. "మిగతా పిల్లలో?"

డాక్టరమ్మ ఆడపడుచు కేసి తిరిగింది.

"నా పిల్లకి మేనత్త ఉంది కాబట్టి తెలిసింది. వాళ్లకెవరు చెబుతారు?"

"నియంత్రణ శాఖకి సార్ చెప్పారు," అంది ఆమె. అంటున్నప్పుడే ఆ మాట తన చెవికే బోలుగా వినిపించింది. సాయంత్రం అయిపోయింది. మీటింగు అయ్యే ఉంటుంది. "నేను చెప్పకూడదు వదినా."

"నిన్ను చెప్పమనలేదే." వదిన కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను తీసి, వరండాలోకి నడిచింది.

గ్రూపులో ఇంతవరకు ఎవరూ సొంత పేరు పెట్టుకోలేదు. అందరూ ఫలానా పాప అమ్మ, ఫలానా బాబు అమ్మ. వదిన గొంతు రికార్డయ్యే మీట నొక్కి, మాట్లాడింది. తన పూర్తి పేరు చెప్పింది, ఇంటి నంబరు చెప్పింది, ఆస్పత్రి చెప్పింది. "నూనె అయిపోయిందని ఊరుకోకండి. అది గంజాయి కాదు, మాత్రలు కలిపిన నూనె. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. మా పిల్ల ఇప్పుడే బతికి బయటపడింది. పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యండి. సీసా ఉంటే సీసా కూడా తెండి. ఎవరైనా ఏమైనా అంటే నా పేరు చెప్పండి." ఆపి, మళ్లీ నొక్కింది. "నేనిక్కడే వరండాలో ఉంటాను. పసుపు చీర."

తెల్లవారాక మొదటావిడ వచ్చింది. చంకలో పిల్లాడు, వాడి తల ఆవిడ భుజం మీద నిలవడం లేదు. గుమ్మం దగ్గరే ఆగి అటూ ఇటూ చూసి, పసుపు చీర కనబడ్డాక లోపలికి వచ్చింది. తర్వాత చక్రాల బండి తోసుకుంటూ ఇంకొకావిడ. తర్వాత ఒక తండ్రి, కూతుర్ని వీపున మోసుకుని. వరండా బెంచీలు చాలక నర్సు లోపల్నించి కుర్చీలు తెప్పించింది. డాక్టరమ్మ ఒక్కొక్కరి దగ్గరా వంగి, ఆఖరి చుక్క ఎప్పుడు వేశారని అడుగుతోంది. ఒక తల్లి సంచీలోంచి గోధుమ రంగు సీసా తీసి, ఎవరికివ్వాలో తెలియక, వదిన చేతిలో పెట్టింది.

నియంత్రణ శాఖ అధికారి వచ్చేసరికి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. ఆస్పత్రివాళ్లు నియమం ప్రకారం కబురు పంపారు. ఆయన చంకలో కాగితాల అట్ట ఉంది. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. పిల్లాణ్ని ఎత్తుకున్న మొదటావిడ లేచి గోడ వైపు జరిగింది. ఆయన ఆవిడని గుర్తుపట్టాడు.

"వీళ్లందరికీ చెప్పిందెవరు?" అన్నాడు.

"నేనే," అంది వదిన. సీసాలున్న సంచీని రెండు చేతుల్తో పొదివి పట్టుకుంది. "ఇవి సాక్ష్యమైతే తీసుకెళ్లండి. ముందు డాక్టరమ్మ వీటిలోంచి చూసుకోవాల్సింది చూసుకున్నాక."

"మీకెవరు చెప్పారమ్మా?"

వదిన గుమ్మానికి అడ్డంగా జరిగింది. అధికారి చూపు ఆమెని దాటి, తలుపు తీసి ఉన్న గదిలోకి వెళ్లింది. అక్కడ మంచం మీద గోడకి ఆనుకుని అనలిస్టు కూర్చుని ఉంది. పిచ్చుక ఆమె మోచేతి వంపులో తల పెట్టుకుని నిద్రపోతోంది.

ఆయన గుమ్మం దాకా వచ్చాడు. "మేడమ్, మీరా?"

"ఆవిడకి చెప్పింది నేను," అంది ఆమె, పిల్ల లేవకుండా. "డాక్టరుకి చెప్పింది కూడా నేనే."

"నిన్న సాయంత్రం మీటింగులో ఇది రాలేదు," అన్నాడు ఆయన, ఆమెకి చెబుతున్నట్టు కాదు. "రేపటికి వేశారు." అట్ట విప్పి, ఆమె చెప్పినదంతా నిలబడే రాశాడు. రాస్తున్నంతసేపూ వరండాలోంచి పిల్లల మూలుగులు, డాక్టరమ్మ గొంతు వినిపిస్తున్నాయి. రాయడం అయ్యాక కాగితం ఆమె ముందు పెట్టి పెన్ను అందించబోయాడు. "ఇది సంతకమైతే మీ ఉద్యోగం..." అన్నాడు.

"తెలుసు."

"సంతకం పెట్టండి మరి."

ఆమె కుడిచెయ్యి పిల్ల తల కింద ఉంది. తిమ్మిరెక్కి ఎప్పుడో మొద్దుబారిపోయింది. తీస్తే పిల్ల లేస్తుంది.

"పాప లేచాక పెడతాను," అంది.

అధికారి పెన్నుకి మూత పెట్టాడు. పక్కనే ఉన్న కుర్చీ తీసి వరండాలో పిల్లాణ్ని ఎత్తుకుని గోడకి ఆనుకుని నిలబడ్డ మొదటావిడ ముందు వేసి, తిరిగొచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.